గొంతు కింద మిగిలిన గడ్డం

కేసముద్రం,
తేది 18-11-2024, సోమవారం.

చిరంజీవి అజయ్‌కు, నీ ఇంటామెకు, పాపకు ప్రభువు కృప తోడుండాలని కోరుతూ శామ్యూల్ కాక రాయడం ఏమనగా,

భూపాలపల్లిలో మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను. ఇక్కడి క్షేమం సగమే. మీ బాపుకు పక్షవాతంతో కుడి పక్క పడిపోయి నెలలు గడిచాయి. ఆ సంగతి నిన్ను కన్న మీ అవ్వ ఫోన్ చేసి చెప్పిందని, నువ్వు విని సరే అన్నావని, ఆ తర్వాత ఏమీ అనలేదని తెలిసింది. నాకు నీ మీద కోపం లేదు. నీ మీద కోపం పెట్టుకునే వరసలో నేను లేను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకు అంటావు. ఫోన్లో నా నోరు మంచిది కాదు. మంచిమాట చెబుదామని మొదలుపెడితే తిట్టు బయటికి వస్తుంది. కాగితం మీదైతే తిట్టు రాసేలోపల చెయ్యి నొప్పి పుట్టి అదే ఆగిపోతుంది. ఆదివారం బడిలో బైబిల్ కోసం నేర్చుకున్న అక్షరాలు ఇవి. ఎప్పుడూ కోడి గీతలే, ఈసారి ఇంకా వంకరగా ఉన్నాయి. కూడబలుక్కుని చదువుకో.

మీ బాపు మంచంలోనే ఉన్నాడు. మాట ముద్దముద్దగా వస్తుంది, మీ అవ్వకు తప్ప ఎవరికీ అర్థం కాదు. కుడిచెయ్యి తెచ్చి పక్కన పెట్టిన వస్తువులాగా పడి ఉంటుంది. ఎడమచెయ్యి బాగానే ఉంది గాని దానితో అన్నం తినడు. మీ అవ్వ తినిపించాలి. నేను ఉంటే అదీ తినడు, నోరు మూసుకుంటాడు. మీ అవ్వ యాదమ్మ నాతో అన్నది, నువ్వు జర బయట నిలవడే అన్నా, గీయనకు నీ ముంగట సిగ్గయితున్నది, పెండ్లికొడుకు లెక్క జేస్తుండు అని. నవ్వుతూనే అన్నది. నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకున్నది.

గడ్డం మాత్రం గొంతు దిగి పెరిగింది. గంజి తాగితే సగం అందులోనే ఆగుతుంది. కింద చర్మం పాసి పుండు పడుతున్నది. గడ్డం తీయిస్తేనే మందు అంటుతుందని దవాఖానలో చెప్పారు. తీయించుకోడు. మూతపడ్డ మన మంగలి షాపుకు ఎదురుగా సెలూన్ పెట్టిన ధర్మేందర్ తనంతట తానే వచ్చాడు. తాతా, నేను జేస్త, మెత్తగ జేస్త, నీకు నిద్రస్తది అని మంచం మీద కూర్చున్నాడు. వాడు సగానికి విరిచి పెట్టుకునే బ్లేడు చూసి మీ బాపు గోడ దిక్కు తిరిగాడు. మాట సరిగా రాకపోయినా థూ అన్నది మాత్రం సాఫుగా వచ్చింది. ధర్మేందర్ మంచి పిల్లవాడు, కోపం తెచ్చుకోలేదు. తాత ఇంక దుకాణం బంద్ వెట్టలే కాకా అని నవ్వుకుంటూ పోయాడు.

తన గడ్డం తనే అద్దంలో చూసుకుని గీసుకున్న మనిషి. పుట్టినప్పటినుంచి ఇంకొకరి కత్తి ఆ చెంప మీద పడలేదు. ఒకనాడు మీ అవ్వ నీళ్లకు పోయినప్పుడు మంగలి పొదిలోంచి కత్తి తీసి ఎడమచేత్తో తనే ప్రయత్నం చేశాడు. చెంప తెగింది. కత్తి బండ మీద పడి అంచు లేచిపోయింది. మీ తాత నాటి కత్తి.

ఎడమచెయ్యి అని రాసేసరికి నాకు ముందుకు రాయబుద్ధి కావడం లేదు. కానీ రాస్తాను.

ఆ ఆదివారం నీకు గుర్తుండే ఉంటుంది. నీకు మీసాలు కూడా సరిగా రాలేదు. షాపు నిండా మనుషులు, నేను చర్చికి పోయే తొందరలో ఉన్నాను. నీకు మొదటిసారి పెద్దమనిషి గడ్డం అప్పగిస్తూ మీ బాపు నన్ను చూపించాడు. శామ్యూలుది జెయ్యి, తిట్టినా మనోడే అన్నాడు. నువ్వు నురగ చక్కగా పెట్టావు. కత్తి ఎడమచేతికి తీసుకున్నావు. నేను నురగ మొహంతోనే లేచాను. ఏందిరా జగపతీ, పుర్రచెయ్యితోని నా మొకం ముట్టిపిస్తవా, గది ఏం కడుక్కునే చెయ్యో తెల్వదా నీ కొడుక్కు అన్నాను. అందరూ నవ్వారు. నవ్వారని నాకు ఇంకా ఊపు వచ్చింది. తువ్వాలతో మొహం తుడుచుకుంటూ రోడ్డు మీద నడిచిపోయాను. ఆ రోజు మీ బాపు నీ ఎడమచెయ్యిని కుర్చీకి కట్టి, కుడిచేత్తో పట్టు అన్నాడని, నువ్వు కట్టు తెంపుకుని ఆ సాయంత్రమే రైలెక్కావని తర్వాత విన్నాను. నీ కొడుకు పోయిండట గదా అని మీ బాపును నేనే అడిగాను, మళ్లీ గడ్డానికి పోయినప్పుడు. ఆయన తోలు మీద కత్తి ఆడించి నా గడ్డం గీశాడు.

ఇంకొక మాట. ఇది నీకు తెలియదు. మా నాయిన గడ్డం ఈ ఊర్లో ఏ మంగలీ ముట్టలేదు. ఊరి బయట మా వాడలో ఒకరిది ఒకరు గీసుకునేవాళ్లు, పుండ్లు పడేవి. మీ బాపు రైలు గేటు దగ్గర కొత్తగా షాపు పెట్టినప్పుడు నేను బయట నిలబడి చూస్తున్నాను. లోపలికి రా, నిలవడితె గడ్డమయితదా అన్నాడు. కుర్చీలో కూర్చున్నాను. వంతు కోసం కూర్చున్నవాళ్లు ఇద్దరు లేచిపోయారు. పోనియ్, వాళ్ల గడ్డాలు వాళ్లే పెంచుకుంటరు అని నా చెంప మీద చెయ్యి వేశాడు. అదే కుర్చీలో కూర్చుని నేను నీ చెయ్యి వద్దన్నాను.

అందుకని మీ బాపు గడ్డం నేనే గీస్తానని చెప్పాను. మీ బాపు చాలాసేపు ఏదో అన్నాడు. ఏమంటుండు యాదమ్మా అంటే, సంతోషం అంటుండన్నా అన్నది. ఆ మొహంలో సంతోషం ఏమీ కనపడలేదు. సరిగ్గ చెప్పమ్మా అంటే, బస్తాలు గుంజెటోనివి, నా మొకం గూడ కొక్కెమేసి గుంజుతవా అంటుండు అన్నది. కానీ గోడ దిక్కు తిరగలేదు. నాకు అది చాలు.

మొదట నేను చేసిన తెలివి తక్కువ పని చెబుతాను. అంచు లేచింది కదా, నూరితే సరిపోతుందనుకున్నాను. మా ఇంట్లో కొడవళ్లు నూరే రాయి ఉంది. నీళ్లు చల్లి, ఒళ్లు ఊపి నూరాను. తళతళ మెరిసింది. నా కాలి మీద పెట్టి చూసుకుంటే వెంట్రుకను గీయలేదు, పీకింది. చర్మం మాత్రం గీసింది. అప్పుడు రైలెక్కి జనగామకు పోయాను. స్టేషన్ దగ్గర కత్తెరలు నూరే ఖాదర్ మీ బాపుకు పాత దోస్తు. కత్తి చూసి నెత్తి పట్టుకున్నాడు. క్యా పెద్దమనిషీ, కొడవలనుకున్నవా దీన్ని, జగపతి భాయ్ కత్తిని గిట్ల జేసినోణ్ని జైల్ల ఎయ్యాలె అన్నాడు. నేనే జేసిన అన్నాను. అయితె కూసో, ముందుగాల చాయ్ తాగు, జైలు తర్వాత చూద్దాం అన్నాడు.

సాయంత్రం దాకా కూర్చోబెట్టుకుని నున్నటి రాయి మీద దాన్ని బతికించాడు. వెన్ను, అంచు రెండూ ఒక్కసారే రాయికి తాకాలట. తోలుపట్టీ మీద ఆడించేటప్పుడు వెన్ను ముందు పోవాలట, అంచు వెనక రావాలట. నేను అంచు ముందు పెట్టి తోలును కోశాను. ఖాదర్ పట్టీని తిప్పి అవతలి మొఖం పైకి పెట్టాడు. బెలూన్ ఊది, దానికి నురగ పెట్టి గీసి నేర్చుకో అన్నాడు. మా మనుమరాలు క్రిస్మస్‌కు దాచుకున్న బెలూన్లన్నీ పగిలాయి. పిల్ల నాతో మాట్లాడటం లేదు. తర్వాత నా కాలు, తర్వాత నా చెంప. నన్ను చూసిన మార్కెట్ యార్డు వాళ్లు పిల్లి గీకిందా అని అడుగుతున్నారు.

ఇప్పుడు నిన్ను అడగవలసింది. కత్తిని ఎంత వంచాలి? నిలబెడితే తెగుతుంది, పడుకోబెడితే జారుతుంది. దవడ ఎముక మలుపు దగ్గర ఏం చెయ్యాలి? మీ బాపు నోరు చెప్పలేదు. ధర్మేందర్‌కు ఈ కత్తి రాదు. చిన్నప్పటినుంచి ఆయన చెయ్యి చూసిన వాడివి నువ్వు. నా మీద కోపం ఉంటే ఉంచుకో. కోపంతోనే రాయి. రాస్తే చాలు.

ఇట్లు,
నీ మంచి కోరవలసిన
శామ్యూల్ కాక, యార్డు హమాలి.

* * *

కేసముద్రం,
తేది 15-12-2024, ఆదివారం.

చిరంజీవి అజయ్‌కు శామ్యూల్ కాక వందనం. చిన్నవాళ్లకు పెద్దవాళ్లు వందనం పెట్టరు. నేను పెడుతున్నాను, ఉంచుకో.

నీ కార్డు అందింది. పైన పేరు లేదు, కింద సంతకం లేదు. అయినా నీదే అని మీ అవ్వ పట్టింది. అక్షరాలు ఎడమ దిక్కు ఒరిగి ఉన్నాయి, గివి నా కొడుకువే అని కార్డును కళ్లకు అద్దుకున్నది. నువ్వు రాసింది నాకు నోటికి వచ్చింది. వెన్ను చెంపకు దాదాపు ఆనాలి, మధ్యన సన్నని సందు చాలు. చర్మాన్ని రెండో చేత్తో పైకి లాగి పట్టాలి. వెంట్రుక వాలిన దిక్కే గీయాలి, ఎదురు పోవద్దు. చేతి బరువు వెయ్యొద్దు, కత్తి బరువే చాలు. చివరికి, ఏ చేత్తో పడుతున్నరు, అది తెల్వకుంటే ఏ పక్క నిలవడాల్నో చెప్పలేను అని అడిగావు.

చేతి బరువు వెయ్యొద్దు అన్నది మాత్రం నాకు పట్టుబడలేదు. బరువు లేకుండా చెయ్యి ఎట్లా కదులుతుందో నాకు తెలియదు. కొక్కెం బస్తాలోకి దించితేనే పని జరుగుతుంది. దీన్ని దించితే రక్తం. నేర్చుకోవడానికి పాల మీద మీగడ తీసినట్టు గాలిలో చెయ్యి ఆడించుకుంటూ తిరిగాను. మా కోడలు చూసి, మామయ్యకు గూడ ఏమన్న అయితుందా అని పరేషాన్ అయింది.

మొన్న బుధవారం చేశాను. మంగళవారమే చేద్దామనుకుంటే మీ అవ్వ పొదిని ముట్టనియ్యలేదు. జీవితంల మంగళారం కత్తి వట్టలే నీ దోస్తు, ఇయ్యాల నా చేత తిట్లు తినకు అన్నది. బుధవారం పొద్దున పోయాను. మంచం గోడ వారన ఉంది, నాకు అవతలి పక్క నిలబడాలి. మంచం తిప్పమన్నాను. తిప్పితే తల ఉత్తరానికి వస్తుందని మీ అవ్వ గొడవ. ఉత్తరం దిక్కు తలవెట్టి ఎవలన్న పంటరానే అన్నది. నేను కిరస్తానోణ్ని, నాకు ఏ దిక్కయినా ఒకటే అన్నాను. నీకు ఒకటే, పండేది నువ్వా అన్నది. చివరికి మంచం నడింట్లోకి జరిపి అడ్డంగా వేశాము. మీ అవ్వ నా చేతుల దిక్కు ఒకసారి చూసింది. నీళ్లు కాగబెట్టడానికి పోయింది.

వేడి గుడ్డ మొహం మీద పెడితే మీ బాపు కళ్లు మూసుకున్నాడు. నురగ పెట్టాను. కుడి చెంప జారిపోయి ఉంది, దానికి స్పర్శ లేదు. నాకు దానితోనే ఎక్కువ భయం. నొప్పి తెలిసినవాడైతే మొహం చెబుతుంది, ఆగుతాము. తెలియనివాణ్ని ఎంత కోసినా వాడు ఊరుకుంటాడు, మనం కోస్తూనే పోతాము. అందుకని తెలిసే చెంప మొదలుపెట్టాను.

మొదటి గీతకు చప్పుడే రాలేదు. కత్తి నిలబడి ఉంది. అప్పుడు మీ బాపు కళ్లు మూసుకునే, పండవెట్టు అన్నాడు. ఇన్ని నెలల్లో నాకు అర్థమైన మొదటి మాట అది. పడుకోబెట్టాను. అప్పుడు వచ్చింది చప్పుడు, ఎండిన ఆకు మీద వాన మొదలైనట్టు. దాని వెంట చెంప బయటపడింది. మళ్లీ లాగు అన్నాడు, లాగాను. మెల్లగ అన్నాడు, మెల్లగా పోయాను. దవడ మలుపు దగ్గర తల కొంచెం తనే తిప్పి ఇచ్చాడు. రెండుచోట్ల తెగింది, ఎక్కువ కాదు. పటిక రుద్దితే తెలిసే పక్క మంట పుట్టి సగం నోటితో నవ్వాడు. తెలియని చెంప అంతా నేను ఊపిరి బిగబట్టే గీశాను. దాని మీద ఒక్క గాటు కూడా పడలేదు.

గొంతు దగ్గరికి వచ్చాక ఆపాడు. ఎడమచెయ్యి తెచ్చి గొంతు మీద కప్పుకుని, ఒద్దు అన్నాడు. భయపడ్డాడేమో అనుకున్నాను. బతిమాలినా చెయ్యి తీయలేదు. కాబట్టి మొహమంతా నున్నగా అయి గొంతు కింద మాత్రం గడ్డం అట్లే ఉంది. మీ అవ్వ అద్దం పట్టుకొచ్చింది. మేకపోతు లెక్కున్నవయ్యా, కల్లం కాడ గట్టేస్త అన్నది. కానీ పుండు అసలు గొంతు కిందనే ఉంది, మందు అక్కడికే పోవాలి. ఇప్పుడు ఆమెకు అదే దిగులు.

గడ్డం కింద నుంచి బయటపడిన మొహం అచ్చం నీది. అది నేను కూడా చూశాను.

చేతి సంగతి అడిగావు. రెండు చేతులూ పెడుతున్నాను. అంతకంటే రాసేది లేదు. గని పని జాగ్రత్త, అంత పెద్ద బండి నడుపుతావట. పాపకు ముద్దులు.

ఇట్లు,
శామ్యూల్ కాక.

తా.క.: ఉత్తరం మడిచి అంటించి, మళ్లీ చింపాను. పైన రాసింది అబద్ధం కాదు, కానీ రెండు సంగతులు వదిలిపెట్టాను.

పోయిన ఎండాకాలం యార్డులో మక్కల బస్తాల వరస కూలి నా కుడి మణికట్టు విరిగింది. నాటు కట్టు కట్టించుకున్నాను, వంకరగా అతికింది. మూడు వేళ్లు ముడుచుకోవు. కొక్కెం అయితే అరచేతికి తగిలించుకుని లాగుతాను కాబట్టి వేళ్లు పనిచెయ్యవని హమాలీ ముఠాలో ఎవరికీ తెలియనియ్యలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. కత్తి మాత్రం ఆ చేతిలో నిలవదు. నీకు రాసిన ఈ రెండు ఉత్తరాలు ఎడమచేత్తో రాశాను. బెలూన్లు పగలగొట్టింది ఎడమచెయ్యి. మీ బాపు గడ్డం గీసింది కూడా అదే. మంచం అందుకే తిప్పాను. పుర్రచెయ్యి అని నేను ఏ చేతిని అన్నానో, దేవుడు నాకు ఆ ఒక్క చెయ్యే మిగిల్చాడు.

రెండో సంగతి దీనికంటే పాపం. పండవెట్టు అన్నాడని రాశాను కదా. దాని ముందు ఇంకొక మాట ఉంది. అజయ్, పండవెట్టు అన్నాడు. మీ అవ్వ పొయ్యి దగ్గర ఉంది, వినలేదు. కత్తి ఏ పక్కనుంచి వస్తున్నదో, ఏ చెయ్యి చర్మాన్ని లాగుతున్నదో ఆయన చెంపకు తెలిసింది. నేను శామ్యూల్‌నని చెప్పవలసింది. చెప్పలేదు. లాగు అంటే లాగాను, మెల్లగ అంటే మెల్లగా పోయాను, గడ్డం అయ్యేదాకా నువ్వుగానే ఉన్నాను. ఆయన నీకు నేర్పుతున్నాడు, నీ ఎడమచేతికి నేర్పుతున్నాడు బిడ్డా. అది నీది. నేను తిన్నాను.

గొంతు దగ్గర కళ్లు తెరిచాడు. నా మొహం చూశాడు, నా చెయ్యి చూశాడు. తిట్టలేదు. అప్పుడే గొంతు మీద చెయ్యి కప్పుకుని ఒద్దు అన్నాడు. భయపడి కాదు, నీ కోసం దాచిపెట్టుకున్నాడు. ఆ సాయంత్రం మీ అవ్వ కలిపిన అన్నం గిన్నె తన దగ్గరికి లాక్కుని, నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, ఎడమచేత్తో తిన్నాడు.

మాఫీ ఎట్లా అడగాలో నాకు రాదు. కత్తి కూడా రాకపోతుండె, వచ్చింది. మాఫీ చెయ్యి అజయ్.

కత్తిని తోలు మీద ఆడించి పొదిలో పెట్టాను. గొంతు కింద మిగిలింది నీ వంతు, అది నేను ముట్టను. మీ బాపుది అయిపోయినాక రైలు గేటు షాపు తెరిపించి ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. నురగ మొహంతో లేచిపోయిన వాణ్ని. అందరి ముందర కూర్చుంటాను. నీ చెయ్యితోనే గియ్యి.